లిటిల్ సోల్జర్స్ తీసినోళ్లకు, నటించినోళ్లకు మా బడి నుంచి ఒక బహిరంగ లేఖ

సినిమా తీసిన గుణ్ణం గంగరాజు గారికి, దాంట్ల అన్నాచెల్లెలుగ చేసిన బాలాదిత్య గారికి, కావ్య గారికి, పెద్దోళ్లుగ నటించిన హీరా గారికి, రమేష్ అరవింద్ గారికి, బ్రహ్మానందం గారికి, ఆ సినిమాకు కెమెరా పట్టినోళ్లకు, లైట్లు మోసినోళ్లకు, అన్నం వండి పెట్టినోళ్లకు, వీళ్లందరితో పాటు తెలంగాణ చలనచిత్ర అభివృద్ధి సంస్థ పెద్దలకు నమస్కారం.

నేను నల్లగొండ జిల్లా దేవరకొండ దిక్కు ఒక సర్కారు హైస్కూల్లో తెలుగు చెప్పే సారును. అమ్మానాన్న చచ్చిపోయిన ఇద్దరు పిల్లల కథ మీ లిటిల్ సోల్జర్స్, 1996లో వచ్చింది, అంటే ఈ ఏడాదికి 30 ఏండ్లు. ఇయ్యాల రేపు పాత సినిమాకు ఇన్నేండ్లు నిండినయంటే ఎవరో ఒకరు స్పెషల్ షో వేస్తున్నరు, అది హైదరాబాద్‌లో ఏదో మల్టీప్లెక్స్‌లో రాత్రి ఆటగ పడ్తది, నటీనటులు స్టేజీ ఎక్కి అప్పటి ముచ్చట్లు చెప్తరు, చిన్నప్పుడు చూసిన మా వయసోళ్లు వచ్చి కండ్లు తుడుచుకుంటరు. మంచిదే, అట్లాంటి షో పెడితే నేను గూడ వస్త. కాని సినిమా ఎవరి కోసం తీసినరో ఆ పిల్లలు ఆ హాల్లో ఉండరు కదండి. అందుకే రాస్తున్న. 30 ఏండ్ల ఆట ఒక్కటి మా దిక్కు వేయండి, పొద్దున పదింటికి వేయండి, పిల్లలకు వేయండి, సినిమా అయిపోయినంక మీరు వాళ్ల ముందట కూసోని మాట్లాడండి. నేను అడిగేది ఇంతే, కాని ఎందుకు అడుగుతున్ననో కొంచెం చెప్పాలె.

ఆ సినిమా వచ్చినప్పుడు నేను ఐదో తరగతి. మా నాయిన ఆర్టీసీలో కండక్టర్, దినాం నల్లగొండ పోయి వచ్చేటోడు కాబట్టి ఏ టాకీసులో ఏం ఆడుతుందో మా ఇంట్ల ఆయన నోటినుంచే తెల్సేది. ఒకరోజు వచ్చి, పోస్టర్ మీద ఇద్దరు చిన్న పిలగాండ్లు ఉన్నర్రా, హీరోలు వాళ్లే అంట, ఆదివారం డ్యూటీ లేదు పోదాం అన్నడు. ఆ వారం మొత్తం నేను నిద్రపోలే. ఆదివారం పోయేసరికి ఆ పోస్టర్ లేదు, దాని మీద వేరే సినిమా కాగితం అంటించి ఉంది, ఇంక జిగురు తడి గూడ ఆరలే, కింద మూలకు మాత్రం పాత పోస్టర్‌లో ఒక చిన్న చెయ్యి కనపడ్తుంది. నాయిన గేటు కాడ అడిగితే పిల్లల సినిమాకు జనం రారు సార్ అన్నరు. క్లాక్ టవర్ సెంటర్ కాడ మిర్చి బజ్జీలు తిని బస్సెక్కి వచ్చినం. ఆ చెయ్యి అన్నదో చెల్లెదో అని నేను చానా రోజులు ఆలోచించిన.

తర్వాత ఒక రెండేండ్లకు అనుకుంట, పక్కింటోళ్ల టీవీలో వచ్చింది, పది పదిహేను మందిమి చాప మీద కూసున్నం. ఆ రోజుల్లో మా దిక్కు కరెంటు ఎట్ల ఉండెనో నల్లగొండోళ్లకు చెప్పక్కర్లేదు. సరిగ్గ ఆఖరికి వచ్చేసరికి పోయింది. ఎవ్వరం లేవలే, చీకట్లో అట్లనే కూసున్నం, వచ్చేసరికి ఆ సినిమా అయిపోయి వేరే ప్రోగ్రాం నడుస్తుంది. ఆ ఇద్దరు పిల్లలు ఏమైండ్రో నాకు తెల్సింది టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు, రూం‌మేట్ తోని కలిసి సీడీ కిరాయికి తెచ్చుకున్నంక. ఇరవై ఏండ్లు దాటిన మొగపిల్లలం ఇద్దరం ఏడ్చినం.

మీ సినిమాను తక్కువ చేసింది జనం కాదని నాకు అనిపిస్తది. జనం దాకా రానీయలేదు, వచ్చినంక ఉండనీయలేదు. పిల్లలు వాళ్లంతట వాళ్లు టాకీసుకు పోలేరు, పెద్దోళ్లు తీస్కపోవాలె, పెద్దోళ్లకు తీరిక దొరికేది ఆదివారం, ఆదివారం దాకా సినిమా హాల్లో ఉండాలె కదా. మా నాయిన ఆనాటి సినిమాల లెక్క చెప్పేటోడు, పాపం పసివాడు 1972లో వచ్చింది, ఎడారిలో తప్పిపోయిన పిలగాని కథ, ఎస్.వి. రంగారావు, దేవిక నటించింది, మా ఊర్లె ముసలోళ్లు ఇప్పటికి గూడ చెప్తరు ఆ సినిమాకు ఎడ్లబండ్లు కట్టుకోని పోయినమని. అంటే పిల్లల సాహసం అంటే మా దిక్కు జనానికి పడదు అనేది తప్పు. అసలు కత్తి పట్టి గుర్రమెక్కి తెలుగు పిల్లలందరికి జానపద హీరో అయిన కాంతారావు గారిది ఏ ఊరు, కోదాడ దగ్గర గుడిబండ, అప్పట్ల మా నల్లగొండ జిల్లానే, ఇప్పుడు సూర్యాపేటలోకి పోయింది. సినిమా కార్మికుల ఇండ్ల కోసం కష్టపడ్డ నటుడు డాక్టర్ ప్రభాకర్ రెడ్డి గారిది గూడ తుంగతుర్తి. సినిమాకు ఇంత ఇచ్చిన జిల్లాలు ఇవి, సినిమా మాత్రం మా పిల్లల దగ్గరికి మనుషులతోని కలిసి ఎప్పుడు రాలే. షూటింగ్ చేసినోళ్లను ఎదురుంగ కూసోపెట్టుకోని ఒక ప్రశ్న అడగడం అనేది మా బడిలో ఏ ఒక్క పిలగానికి తెల్వదు.

ఇప్పుడు మొన్నటి సంగతి. మా బడికి ఇచ్చిన డిజిటల్ బోర్డు ఉంది, పాఠాలకు వాడుతం. నేను హెడ్మాస్టర్ మేడంను అడిగి ఒక శనివారం మధ్యాహ్నం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు మీ సినిమా పెట్టిన, 86 మంది, బెంచీలన్ని వరండాలో పడేసి కింద కూసున్నరు, కిటికీలకు దుప్పట్లు కట్టినం. నాకు నెట్‌లో దొరికిన కాపీ ఎట్ల ఉందంటే రంగులు వెలిసిపోయి, పక్కలు కోసుకపోయి, మొఖాలు సగం సగం, మాట ఒక్కోసారి బొంగురు పోతుంది. మొదటి పది నిమిషాలు నాకు భయమైంది, వీళ్లు రోజూ ఫోన్లో చూసే దానికి ఇది పాతగ అనిపిస్తదేమో లేచిపోతరేమో అని. ఎవ్వరు లేవలే. బ్రహ్మానందం గారు కనపడంగనే మొత్తం రూం నవ్వింది, ఆయన ఏం చేయకముందే.

అమ్మానాన్న పోయే కాడికి వచ్చింది. మా బడిలో చానామంది తండాల పిల్లలు, అమ్మానాన్న పని మీద హైదరాబాద్ పోతరు, పూణె పోతరు, పిల్లలు అవ్వ దగ్గరనో హాస్టల్లోనో ఉంటరు, పండుగకు వస్తరు మళ్ల పోతరు. ఏడో తరగతి పాప ఒకామె, పేరు రాయను, లేచి దర్వాజ కాడికి పోయింది. బయటికి పోతదేమో అనుకున్న. పోలే. దర్వాజ గొళ్లెం పట్టుకోని అట్లనే నిలబడి చూసింది, సినిమా అయిపోయేదాకా, గంటకు పైన, కూసోమంటే తల ఊపింది గాని కూసోలే. ఆ గొళ్లెం ఆమె పట్టుకున్న చోట చెమటకు తడిసి ఉంది, నేను తర్వాత తలుపు వేస్తుంటే చేతికి తగిలింది. ఆఖర్ల మిగతా పిల్లలు అరుస్తున్నరు చప్పట్లు కొడ్తున్నరు, ఆమె మాత్రం మెల్లగ వచ్చి ముందు వరసలో కూసోని, సార్ ఇంకొక్కసారి ఆ మొదటి పాట పెట్టుండ్రి, అందరు ఉన్నప్పటిది అన్నది.

పెట్టిన. ఆ రోజు బస్సు తప్పిపోయింది నాకు, అయినా పెట్టిన.

సోమవారం అందరిని ఒక్కో కాగితం మీద ఒక్కో ప్రశ్న రాయమన్న, సినిమా తీసినోళ్లు ఎదురుంగ ఉంటే ఏం అడుగుతరు అని. వ్యాకరణం చూడను, మార్కులు లేవు అని చెప్పిన. ఆ కట్ట ఇప్పుడు నా దగ్గర ఉంది. అన్ని రాస్తే పెద్దగైతది, కొన్ని మాత్రం మీకు తెలియాలె.

బాలాదిత్య గారికి ఒకడు రాసిండు, మీకు నిజంగ దెబ్బలు తాకినయా, తాకితే షూటింగ్ ఆపిండ్రా లేక ముందు సీన్ అయిపోనియ్యి అన్నరా. ఇంకొకడు, మీరు పెద్దయినంక హీరోగ గూడ చేసినరంట కదా, పెద్ద హీరోగ చేసుడు కష్టమా, చిన్న హీరోగ చేసుడు కష్టమా. వానికి నేనే చెప్పిన 2003లో చంటిగాడు వచ్చిందని, నమ్మలే, ఆ పిలగాడు ఈ పెద్దమనిషి ఒక్కరే అంటే రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చానాసేపు చూసిండు. కావ్య గారికి ఆడపిల్లలందరి ప్రశ్న దాదాపు ఒకటే, మీకు అన్ని డైలాగులు ఎట్ల గుర్తున్నయి, మీకు అప్పటికి చదువుడు వచ్చా. బ్రహ్మానందం గారికి, మీరు గూడ మా సారు లెక్క తెలుగు లెక్చరర్ అంట, మీ క్లాస్‌లో పిల్లలు నవ్వేటోళ్లా భయపడేటోళ్లా. గంగరాజు గారికి, పిల్లలకు సైనికులు అని పేరెందుకు పెట్టినరు, సైనికులకు సెలవులు ఉంటయి కదా ఈ పిల్లలకు ఉన్నయా.

దర్వాజ కాడ నిలబడ్డ పాప రాసిన ప్రశ్న ఇది, ఆమె రాసినట్టే రాస్తున్న: అమ్మా నాన్న చచ్చిపోయే సీన్ తీసినరోజు మీ నిజం అమ్మా నాన్న పక్కన్నే ఉన్నరా, సాయంత్రం ఇంటికి తీస్కపోయిండ్రా.

30 ఏండ్ల ఇంటర్వ్యూలు ఎన్ని చూసినా ఈ ప్రశ్న ఎవరు అడగంగ నేను చూడలే. దీనికి జవాబు యాంకరమ్మకు చెప్పేది కాదు, నాకు చెప్పేది కాదు, ఆమెకు చెప్పాలె, ఆమె మొఖం చూసుకుంట చెప్పాలె. అందుకే మిమ్మల్ని రమ్మంటున్న.

ఇంకొక ప్రశ్న నన్ను నిజంగ పట్టుకుంది. ఎనిమిదో తరగతి పిలగాడు రాసిండు, షూటింగ్ ఉన్నరోజు మీకు బడిలో హాజరు ఎవరు వేసిండ్రు. వాడు పత్తి ఏరే టైంలో పది పదిహేను రోజులు బడికి రాడు, నేను హాజరు కోసం వాళ్లింటికి పోయి కొట్లాడుత, అందుకే వానికి ఆ ప్రశ్న వచ్చింది. ఇది చానా పెద్ద ప్రశ్న. ఇప్పుడైతే చట్టం ఉంది, 2016లో బాలకార్మిక చట్టం మార్చినరు, 2017లో రూల్స్ వచ్చినయి, నటించే పిల్లలతోని రోజుకు 5 గంటలకు మించి పని చేయించొద్దు, విరామం లేకుండ 3 గంటలు దాటొద్దు, వరసగ 27 రోజుల కంటే ఎక్కువ ఉండొద్దు, జిల్లా మేజిస్ట్రేట్ పర్మిషన్ కావాలె, సంపాదించిన దాంట్లో కనీసం 20 శాతం ఆ పిలగాని పేరు మీద బ్యాంకుల ఫిక్స్‌డ్ వేయాలె. 1996లో ఇవేం లేవు. మరి అప్పుడు ఎట్ల నడిచింది, ఎవరు చూసుకున్నరు, నిద్ర వస్తే ఏం చేసేటోళ్లు, పరీక్షలు ఎట్ల రాసినరు, ఇవన్ని మీరు చెప్తే మా పిలగాండ్లకు సినిమా అంటే పని అని, పనికి హద్దు ఉంటదని, పిల్లలకైతే ఇంకా పెద్ద హద్దు ఉంటదని తెలుస్తది. రీల్స్ చేసి రేపే స్టార్ అయితం అనుకునే పిల్లలు ప్రతి ఊర్లె ఉన్నరు ఇప్పుడు. వాళ్లకు మీకంటే బాగ చెప్పేటోళ్లు ఎవరున్నరు చెప్పుండ్రి.

ఇప్పుడు ప్రింట్ సంగతి. 2022లో పోకిరి మళ్ల వేసినరు, జల్సా వేసినరు, ఆ ఏడాది చివరి రోజున ఖుషి వచ్చింది, అప్పటినుంచి పెద్ద హీరోల పాత సినిమాలు 4కెలో వస్తనే ఉన్నయి. 2025 మే 9న జగదేక వీరుడు అతిలోక సుందరి సరిగ్గ 35 ఏండ్లకు అదే తారీఖున వచ్చింది, మా ఊరి పిల్లలు గూడ పోయి చూసొచ్చినరు, చానా సంతోషం. అట్ల బాగుచేయించేది అభిమానులు ఉన్నరు, డబ్బు వెనక్కి వస్తది అనే ధైర్యంతోనే కదా. పిల్లల సినిమాకు అభిమాన సంఘం ఉండదు, పుట్టినరోజు బ్యానర్లు కట్టేటోళ్లు ఉండరు. అందుకే చలనచిత్ర అభివృద్ధి సంస్థ పెద్దలకు చెప్తున్న, ఇది మీ పని అనుకోండి దయచేసి. ఆ రోజుల్లో సినిమా అంటే రీలు, రీలును సల్లగ పొడిగ దాచకపోతే పులిసిన వాసన కొట్టుకుంట లోపల్నే చెడిపోతది, ముడుచుకపోతది, ఒక్కసారి పోతే తిరిగి రాదు. పూణెలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది, 1964 నుంచి ఉంది, పాత సినిమాలు బాగుచేసుడు వాళ్లకు తెల్సు. లిటిల్ సోల్జర్స్ నెగెటివ్, అంటే అసలు రీలు, ఎక్కడ ఉందో నిర్మాతలతోని కలిసి చూసి, మంచిగ ఉన్నప్పుడే స్కాన్ చేయించండి. మా బోర్డు మీద సగం మొఖంతోని చూసిన ఆ చెల్లె మొఖం పూర్తిగ చూడాలని మా పిల్లలకు ఉంది.

పిల్లల సినిమాలు చూపించే పని దేశంలో ఎప్పుడో మొదలైంది, 1955లోనే చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీ పెట్టినరు, అది 2022లో కేంద్రం వాళ్ల జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీలో కలిసిపోయింది. అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవం 2017లో 20వది హైదరాబాద్‌లోనే జరిగింది. నేను బడిలో చదువుకునేటప్పుడు నవంబర్ వచ్చిందంటే మమ్మల్ని లైను కట్టించి టాకీసుకు తీస్కపోయి పిల్లల సినిమా చూపించేటోళ్లు, తెలుగు కాకపోయినా చూసేటోళ్లం, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకోని రోడ్డు దాటుకుంట. మా పిల్లలకు అది గూడ లేదు ఇప్పుడు.

షో ఎట్ల ఉండాలె అని నాకు అనిపించింది చెప్తున్న, మీకు తోచినట్టు మార్చుకోండి. ఈసారి బాలల దినోత్సవం నవంబర్ 14 శనివారం, రెండో శనివారం గూడ. ఒక ఆట నల్లగొండలో, కుదిరితే తెల్లారి ఆదివారం పాలమూరులో, ఎందుకంటే మహబూబ్‌నగర్ దిక్కు పిల్లలు గూడ మా తండాల పిల్లల లెక్కనే, అమ్మానాన్న మేస్త్రీ వెంట పోతే అవ్వతోని ఉండేటోళ్లు, ఈ సినిమా వాళ్లది. ఏసీ హాలు కాకపోయినా నడుస్తది, ఇంటర్వెల్‌లో మూత్రశాలలు మాత్రం ఆడపిల్లలకు సరిపోయేటన్ని ఉండాలె, ఇది చిన్న మాట అనుకోకండి, వంద మంది ఆడపిల్లలను వెంటబెట్టుకోని పోయే సారుకు తెలుస్తది ఇది ఎంత పెద్ద మాటనో. తెర మీద కింద తెలుగు అక్షరాలు పడితే బాగుంటది, మా ఆరో తరగతిలో ఒక బాబుకు చెవులు వినపడవు, ఆ రోజు పక్కపిల్లగాడు ప్రతి మాట పెదవులతోని చెప్పుకుంట కూసున్నడు సినిమా మొత్తం. 2024 మార్చిలో కేంద్రం వాళ్లు గూడ వినికిడి, చూపు లేనోళ్లకు హాల్లో సినిమా అందేటట్టు చేయాలని మార్గదర్శకాలు ఇచ్చినరు. ఇంట్ల లంబాడీ మాట్లాడే చిన్నపిల్లలకు గూడ అక్షరాలు ఆసరా అయితయి.

ఇంకొకటి చేతులు జోడించి అడుగుతున్న. సన్మానాలు పెట్టకండి. శాలువాలు, మెమెంటోలు, వేదిక మీదికి పెద్దలను ఒక్కొక్కరిని పిలుసుడు, దాంట్లోనే గంటన్నర పోతది, పిల్లలకు మైకు వచ్చేసరికి బస్సు టైం అయితది, ఇట్ల మా పిల్లలకు చానాసార్లు అయింది. మీరు వచ్చి కింద వాళ్లతోని పాటు కూసోని సినిమా చూసి, అయిపోంగనే మొదటి మైకు పిల్లల చేతికి ఇయ్యండి. ఒక గంట చాలు. స్టేజీ గూడ వద్దు, నాలుగు కుర్చీలు చాలు. మాట్లాడేది రికార్డ్ చేసి జిల్లాలో అన్ని బడులకు పంపిస్తే రానోళ్లు గూడ చూస్తరు.

ఈ సినిమాకు పాటలు రాసిన సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు 2021 నవంబర్‌లో పోయినరు, సంగీతం చేసిన శ్రీ గారు 2015లోనే పోయినరు. వాళ్లను అడగాల్సిన ప్రశ్నలు గూడ నా కట్టలో ఉన్నయి, పాటలో ఈ మాట పిల్లలు నిజంగ అంటరా సార్ మీకెట్ల తెల్సు అని ఒక పాప రాసింది. ఆ కాగితం ఎవరికి ఇయ్యాల్నో నాకు తెలుస్తలేదు. 40 ఏండ్లకు చూద్దాం, 50 ఏండ్లకు ఘనంగ చేద్దాం అనకండి అని చెప్పేది అందుకే. మా నాయిన గూడ ఆ ఆదివారం సినిమా చూడకుండనే పోయిండు, నాలుగేండ్లయింది.

హాలు మాట్లాడుడు, బస్సులు, మంచినీళ్లు, పిల్లలకు పులిహోర, ఇవి మేం చూసుకుంటం, మా బడి సార్లు మేడంలు, పక్క ఊర్ల బడులోళ్లు ఇప్పటికే సరేనన్నరు, పాత విద్యార్థులు చందాలకు రెడీగ ఉన్నరు. ఇక్కడ బత్తాయిల కాలమైతే మీకు తలా ఒక సంచి పట్టిస్తం. మీరు ఒక తారీఖు చెప్పండి, నవంబర్ కాకపోతే డిసెంబర్. ఆ పాప ప్రతి సోమవారం ప్రార్థన అయిపోంగనే వచ్చి, సార్ జవాబు వచ్చిందా అంటుంది. ఇంకా రాలే బిడ్డా, ఇయ్యాలనే రాస్తున్న అని చెప్పిన ఈ పొద్దున.

ఇట్లు,
ఒక తెలుగు సారు,
దేవరకొండ దిక్కు, నల్లగొండ జిల్లా